ఎడమవైపు తలుపు

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకి మా తమ్ముడు కారు తాళం తిప్పాడు. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది, అంతే. మళ్లీ తిప్పాడు. ఈసారి అది కూడా రాలేదు. వాడు కిటికీలోంచి తల బయటికి పెట్టి, పెరటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నుంచున్న నన్ను చూశాడు.

“మళ్లీ పడుకుందక్కా నీ మహారాణి,” అన్నాడు.

నాలుగు ఆదివారాల్లో అది మూడోసారి. మధ్యలో పాత బ్యాటరీ తీసేసి కొత్తది కూడా వేయించాం.

ఆ కారు మావారిది. ఆయన అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను అదే ఊళ్లో శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. ఆయన కార్తీకంలో పోయారు. నాకు కారు నడపడం రాదు. నేర్పుతానని ఆయన చాలాసార్లు అన్నారు, తర్వాత చూద్దామని నేనే అన్నాను. అందుకని, కొత్తపేట దగ్గర కొబ్బరితోట చూసుకునే మా తమ్ముడు ఆదివారం ఆదివారం మోటారుసైకిలు మీద వచ్చి, కారు బయటికి తీసి, కాలవ గట్టు మీద నీళ్లు ఆపి వదిలే లాకుల దాకా తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. తిప్పకపోతే బండి పాడైపోతుందని వాడు తనంతట తాను పెట్టుకున్న పని అది.

వాడు పొట్టి. కూచోగానే సీటు ముందుకి జరుపుకుంటాడు. వాడు వెళ్లాక నేను దాన్ని మళ్లీ వెనక్కి జరుపుతాను. సీటు కింద ఇనప పట్టీ మీద, అన్నేళ్లూ అది ఆగిన చోట సన్నటి గీత పడి ఉంది. ఆ గీత దగ్గర ఆపుతాను. ఈ సంగతి వాడికి తెలుసనే అనుకుంటాను. ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆ రోజు పక్క చేనువాళ్ల ట్రాక్టరు తెప్పించి, రెండు వైర్లు తగిలించి, దాని బ్యాటరీతో మా కారుని లేపాడు. లాకుల దాకా వెళ్లొచ్చి, అరుగు మీద కూచుని ఉప్మా తింటూ మెల్లిగా మొదలుపెట్టేడు.

“రాజోలు నుంచి ఒకాయన అడుగుతున్నాడక్కా. ఇంట్లోవాళ్లని తిప్పుకోడానికంట. వచ్చే ఆదివారం వచ్చి చూసుకుంటానన్నాడు.”

“నేను అమ్ముతానన్నానా?”

“నువ్వు అనలేదు. నేనూ రమ్మనలేదు. వస్తానన్నాడంతే.”

“రావద్దని చెప్పు.”

“ఏమని చెప్పమంటావు? మా అక్క చచ్చిన బండికి కాపలా కాస్తోందండీ, రాకండీ అని చెప్పనా?”

అనేసి నాలిక కరుచుకున్నాడు. ఏడు నెలలుగా మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడలేదు. కాసేపు ఉప్మాలో కరివేపాకు ఏరుకున్నాడు.

“బ్యాటరీ గురించి అన్నానే నేను,” అన్నాడు.

“నాకు తెలుసు. తిను.”

“పోనీ ఇలా చేద్దాం. వచ్చే ఆదివారం దానంతట అది స్టార్టయిందనుకో, నీ ఇష్టం, ఉంచుకో, అమ్మే మాట నేను మళ్లీ ఎత్తను. అవలేదా, ఆయనకి ఇచ్చేద్దాం. బావగారు పోయేక ఈ బండిలో ఎక్కేవాళ్లెవరు చెప్పు?”

నేను సరేనన్నాను. వద్దనడానికి కారణం చెప్పాల్సి వస్తుంది కనుక సరేనన్నాను.

ఆ బండిలో ఎక్కేది నేను. ఎండలు ముదిరినప్పటినుంచి, అంటే సుమారు నెల రోజులుగా, రోజూ మధ్యాహ్నం మూడున్నరకి షెడ్డులోకి వెళ్లి కారు ఎడమవైపు సీట్లో కూచునేదాన్ని. మొదట్లో చెయ్యని పని. ఒకరోజు ఆయన కళ్లజోడు పెట్టె కోసం వెతుకుతూ వెళ్లి, అలసటగా ఉండి కూచున్నాను. లేచేసరికి నాలుగున్నర అయింది. మర్నాడు కళ్లజోడు పెట్టె సాకు లేకుండానే వెళ్లాను.

అక్కడ ఏమీ చేసేదాన్ని కాదు. పుస్తకం తీసుకెళ్లేదాన్ని, రెండు పేజీలు చదివేదాన్ని. ఏడవలేదు. ఆయనతో మాట్లాడలేదు. కుడివైపు ఆ సీటు ఆయన ఎత్తుకి తగ్గట్టు వెనక్కి ఉంటుంది. అలా ఉంటే నాకు పక్కన ఖాళీ ఎంత ఉండాలో అంత ఉంటుంది. ఇంట్లో ఏ గదిలోనూ ఆ కొలత కుదరలేదు. ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు. కాలేజీలో పెట్టిన సంతాప సభలో ఒకరు దీపం ఆరిపోయిందన్నారు, ఇంకొకరు వృక్షం కూలిపోయిందన్నారు. ఆయన గుండె ఆగిపోయింది. పుస్తకాల మధ్య ముప్ఫై ఏళ్లు బతికినదాన్ని, ఇలాంటి మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయో నాకు తెలుసు.

ఇదంతా తమ్ముడికి చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. వాడు వాళ్లావిడతో, మా మరదలితో, చెప్తాడు. వదినగారు షెడ్డులో ఒక్కరూ కూచుంటున్నారంట అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. సాయంత్రానికి కారు రాజోలు వెళ్లిపోతుంది, నేను కొత్తపేట వెళ్లిపోతాను. ఇద్దరూ మంచివాళ్లు. అదే భయం.

సోమవారం పొద్దున్న అమలాపురం నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్లద్దాలకి దారం కట్టి మెడలో వేసుకున్నాడు. ఒకప్పుడు మావారి దగ్గర ఇంటర్మీడియట్ చదివి, రెండుసార్లు తప్పి, వైర్ల పనిలోకి వచ్చినవాడు. ఆ సంగతి అతనే చెప్పాడు.

“మేస్టారు నాకు ఫిజిక్స్‌లో మార్కులు వెయ్యలేదు గానీ అమ్మగారూ, ఓమ్స్ లా మాత్రం బుర్రలో మేకు కొట్టినట్టు కొట్టేరండి. దాంతోనే బతుకుతున్నాను, ఆయ్.”

తమ్ముడు కూడా వచ్చాడు. తన లెక్క తప్పకూడదని వచ్చాడని నాకు అనుమానం. రాగానే అలవాటు ప్రకారం నాలుగు తలుపులూ బార్లా తీసి, వేడిగాలి పోయాక ఒక్కొక్కటే ధడేల్మని వేశాడు.

ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. ముందురోజు ట్రాక్టరుతో లేపి తిప్పడం వల్ల కారు ఎలాగో స్టార్టయింది. ఇంజను తిరుగుతుండగా మళ్లీ పెట్టి, “డైనమో దివ్యంగా ఉందండి, ఛార్జింగు ఎక్కుతోంది,” అన్నాడు. ఇంజను ఆపి, నెగటివ్ వైరు విప్పి, వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటరు తగిలించాడు. బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఎవరో కరెంటు తాగుతూ ఉండాలి, తాగేవాడెవడో దీనికి చిక్కుతాడు అన్నాడు.

“ఎలకలండి,” అన్నాడు తమ్ముడు. “కొబ్బరిచెట్ల మీంచి దిగి వైర్లు కొరికేస్తున్నాయి. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను.”

“ఎలక కొరికితే తెగుతుందండి, తాగదు. తాగేది వేరే.”

“పాటల పెట్టి?”

“చూద్దారండి.”

మీటరు చూపించాడు. చాలా తక్కువ. గడియారానికీ, రేడియోకీ ఆ మాత్రం పోవాల్సిందేనట. అయినా ఒక్కొక్క ఫ్యూజు పీకి, మీటరు చూసి, మళ్లీ గుచ్చాడు. గంటసేపు పట్టింది. అంకె కదల్లేదు. లేచి నడుం పట్టుకున్నాడు.

“దొంగ లేడండి,” అన్నాడు.

“లేకపోతే మూడుసార్లు ఎలా దిగిపోయింది?” అన్నాడు తమ్ముడు.

“అదే నాకూ తెలీడం లేదు. మధ్యలో ఎవరైనా బండి ముట్టుకుంటున్నారాండి?”

“ఎవరు ముట్టుకుంటారు? నేను ఆదివారం వస్తాను. మా అక్కకి స్టీరింగు ఏ వైపుంటుందో కూడా తెలీదు.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను కాఫీ కలుపుతానని లోపలికి వెళ్లాను.

అబద్ధం ఆడలేదని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. నేను కూచోవడానికీ బ్యాటరీకీ సంబంధం ఏముంది? తాళం పెట్టను, లైటు వెయ్యను, రేడియో ముట్టుకోను. సీట్లో కూచుని లేచి వస్తాను. కుర్చీలో కూచుంటే కరెంటు మీటరు తిరుగుతుందా?

వెళ్లేముందు అతను బ్యాటరీకి ఇంటి కరెంటుతో ఛార్జింగు పెట్టి, నిండాక బిగించి, బానెట్ మూశాడు. “గురువారం దాకా ఎవరూ దీని దగ్గరికి రావద్దండి. ఏం జరుగుతుందో చూద్దాం,” అన్నాడు.

ఆ మూడు మధ్యాహ్నాలూ పొడుగ్గా ఉన్నాయి. మంగళవారం మూడున్నరకి అరుగు మీద కూచున్నాను. బుధవారం పుస్తకాల బీరువా సర్దాను. ఆ బీరువా తలుపులకి అద్దాలు. గ్రంథాలయంలో కూడా అలాంటివే, పద్ధెనిమిది బీరువాలు. చదువుకునేవాళ్లు తల ఎత్తకుండా తలుపు వెయ్యడం నా ఉద్యోగంలో సగం. వేళ్లతో అంచు పట్టుకుని, ఆఖరి అంగుళం దగ్గర ఊపిరి బిగబట్టి ఆనిస్తే చప్పుడు ఉండదు. బుధవారం కూడా అలాగే వేశాను.

కారు తలుపు కూడా నేను అలాగే వేసేదాన్ని. ఇది మా ఇద్దరి మధ్య పాత విషయం. సాయంత్రం ఆయన కాలేజీ నుంచి వస్తూ గ్రంథాలయం దగ్గర నన్ను ఎక్కించుకునేవారు. కాలవ గట్టు మీదుగా ఇంటికి వచ్చేవాళ్లం. కొన్ని శనివారాలు, వాడపల్లి గుడికి వెళ్లే బళ్లతో రోడ్డు నిండిపోతే, ఆయన విసుక్కోకుండా బండి ఇంకోవైపు తిప్పేసి ఓడలరేవు తీసుకెళ్లేవారు. అక్కడ దిగేవాళ్లం కాదు. అద్దాలు దించుకుని సముద్రం వినేవాళ్లం. ఇంటికి చేరాక నేను ముందు దిగి, తలుపు ఆనించి, గేటు తీసేదాన్ని. ఆయన బండి లోపల పెట్టి, దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చేవారు.

“పడలేదు,” అనేవారు.

“వేశాను కదండీ.”

“ఆనించేవు. పడలేదు.”

రెండు అరచేతులూ పెట్టి తలుపు నొక్కేవారు. లోపల ఎక్కడో ఇంకొక చిన్న చప్పుడు అయ్యేది. వానొస్తున్నా అంతే, చేతిలో కూరల సంచి ఉన్నా అంతే. నాకు అది చాదస్తంగా కనిపించేది. నా పని సరిగ్గానే ఉందనీ, ఆయనకి ప్రతిదీ రెండోసారి చేస్తే తప్ప తృప్తి ఉండదనీ అనుకునేదాన్ని. గట్టిగా వెయ్యమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నేనూ నేర్చుకోలేదు.

గురువారం పొద్దున్న ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టాడు. సోమవారం ఎంత ఉందో అంతే ఉంది. తాళం తిప్పగానే కారు స్టార్టయింది.

“బండిలో ఏ లోపమూ లేదండి,” అన్నాడు. కాస్త తటపటాయించి, “మనిషి చెయ్యేదో పడుతోందండి దీనిమీద. ఎవరో నాకు తెలీదు. చెప్పాలనిపిస్తే ఫోను చెయ్యండి,” అని వెళ్లిపోయాడు. తెలివైనవాడు. ఇంటర్మీడియట్ ఎలా తప్పాడో.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. కొబ్బరాకులు ఒకవైపుకి తిరిగిపోయాయి. మూడింటికే షెడ్డులో చీకటిగా ఉంది. లోపం లేదన్నాడు కదా అని వెళ్లి కూచున్నాను. మూడు రోజుల తర్వాత కూచుంటే, ఊరినుంచి వచ్చి ఇంట్లో చెప్పులు విప్పినట్టు ఉంది. తలుపు లాక్కుని ఆనించాను. పుస్తకం తెరిచాను. గుర్తుగా పెట్టుకున్న కాగితం జారి కాళ్ల దగ్గర పడింది. దానికోసం వంగాను.

నా పాదాల మీద వెలుతురు ఉంది.

సన్నటి పసుపు వెలుతురు, డాష్‌బోర్డు కిందినుంచి తిన్నగా పాదాల మీదికి పడుతోంది. కాలి వేళ్లూ, మట్టెలు తీసేసిన చోట తెల్లగా ఉన్న చర్మమూ కనిపిస్తున్నాయి. కాగితం చేతిలోకి తీసుకుని అలాగే వంగి ఉండిపోయాను.

ఆ బల్బు నేను పూర్తిగా మరిచిపోయాను. చాలా ఏళ్ల క్రితం ఒక వానాకాలం సాయంత్రం, గట్టు అంచున దిగుతూ బురదలో కాలు జారి మడమ బెణికింది. మర్నాడు ఆయన పాత స్కూటరు ఇండికేటరు బల్బు ఒకటి తెచ్చి, నా కాళ్ల దగ్గర బిగించి, దాని వైరు ఎడమ తలుపు స్విచ్చికి కలిపారు. తలుపు తీస్తే వెలుగుతుంది, పడితే ఆరుతుంది. పైన ఉన్న లైటుకి పురుగులు వస్తాయని దాన్ని ఎప్పుడూ ఆపేసి ఉంచేవారు. కింద బల్బు మాత్రం నేను ఎక్కడ అడుగు పెడుతున్నానో చూసుకోవడానికి.

తలుపు పడితే ఆరుతుంది. వెలుగుతోంది. పడలేదు.

నెల రోజులుగా నేను ఆ తలుపు ఆనించి వచ్చేస్తున్నాను. ఎండ వెలుతురులో ఆ బల్బు కనపడదు. పగలూ రాత్రీ వెలిగి, రెండు మూడు రోజుల్లో బ్యాటరీని తాగేసి, ఆదివారానికి ఆరిపోతోంది. తమ్ముడు వచ్చి తలుపులన్నీ తీసి ధడేల్మని వేసేసరికి జాడ కూడా మిగలడం లేదు. కారు బాగున్న ఆ ఒక్క వారం నాకు జ్వరం. మంచం దిగలేదు. ఇదంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇంకొకటి కూడా అర్థమైంది. ఆయనది చాదస్తం కాదు. అన్నేళ్లూ నేను వేసిన తలుపు నిజంగానే పడలేదు.

ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశాను. శుక్రవారం వచ్చాడు. చెప్పాల్సింది రెండు వాక్యాల్లో చెప్పాను. రోజూ ఈ సీట్లో కూచుంటానని ఒకటి, తలుపు సరిగ్గా వెయ్యడం నాకు రాదని ఒకటి. అతను మొదటిదాని గురించి ఏమీ అడగలేదు. వెల్లకిలా పడుకుని తల డాష్‌బోర్డు కిందికి దూర్చాడు.

“అబ్బో, టంకం చూడండి! ఇది మేస్టారి చెయ్యేనండి. ల్యాబులో ఎలా అతికించాలో బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పేవారు. నేను ఏనాడూ ఇంత శుభ్రంగా అతకలేదు,” అన్నాడు లోపలినుంచి. తర్వాత, “అమ్మగారూ, రెండు నిమిషాల పనండి. ఈ వైరు కట్ చేసేస్తాను. అప్పుడు మీరు తలుపు ఎలా వేసినా, అసలు వెయ్యకపోయినా బ్యాటరీకేం అవదు. హాయిగా కూచోవచ్చు,” అన్నాడు.

అది మంచి ఉపాయమే. నా మధ్యాహ్నాలు నాకుంటాయి, తమ్ముడి పందెం నేను గెలుస్తాను, నా చెయ్యి మార్చుకోనక్కర్లేదు. కటింగ్ ప్లేయరు అతని చేతిలోనే ఉంది.

“వద్దు,” అన్నాను. “ఉండనీ.”

“మరి బ్యాటరీ అండి?”

“తలుపు వెయ్యడం నేర్చుకుంటాను.”

అతను బయటికి వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, తలుపు తీసి పట్టుకున్నాడు.

“అయితే వెయ్యండి.”

వేశాను. అతను వంగి చూశాడు. “పడలేదండి.”

ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి. అతను తలుపు మళ్లీ బార్లా తీశాడు.

“భుజంనుంచి రావాలండి. వేళ్లతో కాదు. కొట్టండి గట్టిగా. దాని తాత సొమ్మేం పోదు, ఏడవదు.”

రెండోసారి కూడా పడలేదు. మూడోసారి వేస్తే షెడ్డు రేకుల మీద ఉన్న కాకి లేచిపోయింది. రోడ్డు మీద వెళ్తున్న ఒకావిడ ఆగి గేటులోంచి చూసింది. లోపల ఆ చిన్న చప్పుడు కూడా అయింది. అన్నేళ్లూ ఆయన అరచేతుల కింద విన్నదే. నేను వేస్తే అవుతుందని నాకు తెలీదు.

“ఆయ్. ఇప్పుడు పడిందండి,” అన్నాడు.

ఆదివారం తమ్ముడు వచ్చేసరికి గేటు దగ్గర నుంచున్నాను. రాజోలు ఆయన పది గంటలకి వస్తానన్నాడట. వాడు సీటు ముందుకి జరుపుకుని తాళం తిప్పాడు. మొదటిసారికే స్టార్టయింది. వాడు ఇంజను ఆపి, నమ్మకం లేనట్టు ఇంకోసారి తిప్పాడు. మళ్లీ స్టార్టయింది.

“ఏం చేసేడక్కా వాడు?”

“ఏమీ చెయ్యలేదు. నాకు తలుపు వెయ్యడం నేర్పేడు.”

చెప్పాను. మధ్యాహ్నాల సంగతి కూడా చెప్పాను. వాడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ విన్నాడు. వాడు మరదలికి చెప్తాడని నాకు తెలుసు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుందని తెలుసు. అయినా పందెం పందెమే, కారు ఇక రాజోలు వెళ్లదు.

“అయితే ఆ బల్బు ఇంకా వెలుగుతోందా?” అన్నాడు చివరికి.

“చూడు.”

చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ తలుపు తీసి, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచాక జేబులోంచి ఫోను తీసి, రాజోలు ఆయనకి చేసి, “రాకండి, మా అక్క ఉంచుకుంటుందంట. ఆయ్, బండి లక్షణంగా ఉందండి, అందుకే,” అని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ సీటు తనే వెనక్కి జరిపాడు. గీత దగ్గర ఆగలేదు, కొంచెం ముందే ఆగింది. మిగతాది నేను జరిపాను.

ఇప్పటికీ మూడున్నరకి వెళ్తాను. రోజూ కాదు. దిగేటప్పుడు వెలుతురులో కాలు పెట్టి దిగుతాను. ఆ తర్వాత భుజంనుంచి తలుపు వేస్తాను. మొదటివారం పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు, ఇప్పుడు చూడటం మానేశారు. ఆ చప్పుడుకి నేనింకా ఉలిక్కిపడుతూనే ఉన్నాను. బ్యాటరీ మళ్లీ దిగలేదు.

మా ఇంట్లో ఇప్పుడు కారు తలుపు ఎవరూ మెల్లిగా వెయ్యడం లేదు.